ఓటమి లేని పదిహేడు ఆటలు

ఒక జట్టు ఉందనుకోండి. ఎవరితో ఆడినా నూటికి 90 పాళ్ళు అదే గెలుస్తుందని అందరికీ నమ్మకం. ఆ జట్టు వరసగా 17 ఆటలు ఆడితే అన్నీ గెలుస్తుందా? “గెలవకేం!” అని మీలో చాలామంది వెంటనే అనేస్తారు. కాగితం, పెన్సిలు తీసుకుని లెక్క వేసేవాళ్ళు మాత్రం కాస్త తటపటాయిస్తారు. ఎందుకో చూద్దాం.

ఈ లెక్క కోసం మనం జట్టును కల్పించుకోనక్కర్లేదు. నిజంగానే 17 ఆటలు ఆడి, పదిహేడూ గెలిచిన జట్టు ఒకటి ఉంది. అమెరికాలో ఫ్లోరిడా రాష్ట్రపు సముద్రతీరాన మయామీ అనే నగరం ఉంది. ఆ నగరపు ఫుట్‌బాల్ జట్టు పేరు డాల్ఫిన్స్. 1972 సీజనులో ఆ జట్టు ఈ పని చేసింది. అమెరికాలోని నేషనల్ ఫుట్‌బాల్ లీగు 1920లో మొదలైంది. అప్పటినుంచి 2024 సీజను దాకా చూసినా, ఒక్క ఓటమి గాని ఒక్క డ్రా గాని లేకుండా ఆడి, చివరకు ఛాంపియన్‌షిప్ కూడా గెలుచుకున్న జట్టు ఇదొక్కటే.

ముందు ఆట సంగతి

మనం ఆడే ఫుట్‌బాల్‌కూ దీనికీ పేరులో తప్ప పోలిక తక్కువ. బంతి గుండ్రంగా ఉండదు. రెండు కొసలూ కోసుగా, పీచు తీయని చిన్న కొబ్బరికాయలా ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తవచ్చు, విసరవచ్చు, కాలితో తన్నవచ్చు. పక్కకు 11 మంది చొప్పున ఆడతారు. మైదానం పొడవు 100 గజాలు. బంతి దక్కిన జట్టుకు నాలుగు ప్రయత్నాలు ఉంటాయి. ఆ నాలుగింటిలో 10 గజాలు ముందుకు పోగలిగితే మళ్ళీ నాలుగు ప్రయత్నాలు దొరుకుతాయి. ఎదుటిపక్షం వాళ్ళు, చెడుగుడులో కూతకు వచ్చినవాణ్ణి పట్టినట్టు, బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేస్తారు. బంతితో అవతలి కొస చేరితే టచ్‌డౌన్. దానికి 6 పాయింట్లు. ఆ వెంటనే బంతిని గోలు స్తంభాల మధ్యనుంచి తన్నితే ఇంకొక పాయింటు. దూరంనుంచే తన్ని స్తంభాల మధ్యగా పంపితే అది ఫీల్డు గోలు, 3 పాయింట్లు. ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి: 7 పాయింట్ల తేడా అంటే ఒక్క టచ్‌డౌను ఖరీదు. ఇది మనకు తరవాత పనికొస్తుంది.

1972లో లీగులో 26 జట్లు ఉండేవి. ఒక్కొక్కటి 14 ఆటలు ఆడేది. వాటిలో మెరుగైన 8 జట్లు తరవాతి దశకు వెళ్ళేవి. అక్కడ ఓడినవాళ్ళు ఇంటికి పోవలసిందే. అలా వరసగా మూడు గెలిస్తే ఛాంపియన్. మూడోదాని పేరే సూపర్ బౌల్. 14, 3 కలిపి 17 ఆటలు. ఇంతేనా అనుకోకండి. ఒకరినొకరు ఢీకొనే ఆట ఇది. ఒళ్ళు కూడదీసుకోవడానికి వారం పడుతుంది. అందుకే వారానికి ఒక్కటే ఆట.

ఆ సంవత్సరం ఏం జరిగింది?

డాల్ఫిన్స్ జట్టు పుట్టింది 1966లో. మొదట్లో చాలా నాసి జట్టు. 1970లో డాన్ షులా శిక్షకుడిగా వచ్చాక తీరు మారింది. 1971 సీజనులో సూపర్ బౌల్ దాకా వెళ్ళి, 1972 జనవరిలో జరిగిన ఆ ఆటలో డల్లాస్ జట్టు చేతిలో 24–3 తేడాతో చిత్తుగా ఓడింది. ఆ ఓటమి మింగుడుపడని ఆటగాళ్ళే మరుసటి సీజను మొదలుపెట్టారు.

మొదటి నాలుగు ఆటలూ గెలిచారు. అయిదో ఆటలో పెద్ద దెబ్బే తగిలింది. ఈ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అనే ఆటగాడు జట్టుకు మెదడు వంటివాడు. బంతిని ఎవరికి అందించాలో, ఎటు విసరాలో నిర్ణయించేది అతనే. డాల్ఫిన్స్ క్వార్టర్‌బ్యాక్ బాబ్ గ్రీసీని శాన్ డియేగో ఆటగాళ్ళు కిందపడేసినప్పుడు అతని కాలు విరిగి, చీలమండ తప్పింది. ఏ జట్టుకైనా అక్కడితో కథ ముగిసేదే.

కాని షులా దగ్గర స్టెప్నీ ఉంది! అర్ల్ మోరల్ అనే 38 ఏళ్ళ ఆటగాడు. ఈ ఆటలో ఆ వయసు ముసలితనం కిందే లెక్క. పూర్వం షులా బాల్టిమోర్ జట్టుకు శిక్షకుడిగా ఉన్నప్పుడు, 1968లో, అక్కడి ప్రధాన క్వార్టర్‌బ్యాక్ గాయపడితే ఈ మోరలే జట్టును నడిపి 14 ఆటల్లో 13 గెలిపించాడు. 1972లో బాల్టిమోర్ వాళ్ళు ఇక అక్కర్లేదని అతన్ని వదులుకున్నారు. షులా 100 డాలర్లు చెల్లించి తెచ్చుకున్నాడు. గ్రీసీ పడిపోగానే మోరల్ మైదానంలోకి దిగాడు. ఆ ఆట గెలిచారు. లీగులో మిగిలిన తొమ్మిది ఆటలూ గెలిచారు.

ఇక్కడ కాసేపు ఆగుదాం. స్టెప్నీ అన్నది ఉత్తి పోలిక కాదు, దాని వెనక చక్కని లెక్క ఉంది. ఒక క్వార్టర్‌బ్యాక్ సీజను పొడుగునా గాయపడకుండా నిలిచే అవకాశం 10లో 8 అనుకుందాం. అంటే అతను పనికిరాకుండా పోయే అవకాశం 0.2. బదులు ఆటగాడికీ అంతే అనుకుందాం. ఇద్దరూ పనికిరాకుండా పోయే అవకాశం ఎంత? 0.2 × 0.2 = 0.04. నూటికి నాలుగు! ఒక్కడే ఉంటే నూటికి 20గా ఉన్న ప్రమాదం, రెండోవాడు రాగానే నాలుగుకు దిగింది. విమానంలో ఇద్దరు పైలట్లు ఉండటమూ, ఆసుపత్రిలో కరెంటు పోతే జనరేటరు అందుకోవడమూ ఈ లెక్క మీదే ఆధారపడ్డాయి. ఆ 100 డాలర్లకు షులా కొన్నది ఇదే.

గుణకారం చేసే పని

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. ఆట గెలిచే అవకాశం 0.9 గల జట్టు. ఇలాంటి అవకాశాన్ని అంకెల్లో చెప్పేదాన్ని గణితంలో సంభావ్యత అంటారు. మీ లెక్కల పుస్తకంలో చూసే ఉంటారు.

ఒక్క సీజను కాక, ఇలాంటివి 1,000 సీజన్లు జరిగినట్టు ఊహించుకోండి. మొదటి ఆట అయ్యేసరికి ఓటమి లేనివి 900 సీజన్లు మిగులుతాయి. రెండో ఆట ఆ 900లో పదో వంతును తినేస్తుంది. మిగిలేవి 810. మూడో ఆట తరవాత 729. చిల్లికుండలో నీళ్ళలా, కారేది ప్రతిసారీ కొంచెమే. కాని కారుతూనే ఉంటుంది. ఏడో ఆట ముగిసేసరికి సగానికన్నా తక్కువ, సుమారు 478 మిగులుతాయి. పదిహేడో ఆట తరవాత? సుమారు 167. అంటే ఆరింట ఒకటి. నూటికి 90 పాళ్ళు గెలిచే జట్టు కూడా ఆరు సీజన్లలో అయిదు సార్లు ఎక్కడో ఒకచోట బోల్తా పడుతుందన్నమాట!

జట్టు మరి కొంచెం తక్కువదై, అవకాశం 0.8 అయితే? 17 సార్లు గుణించి చూడండి. సుమారు 44లో ఒకటి వస్తుంది. బొమ్మా బొరుసా అన్నట్టు 0.5 అయితే 1,31,072లో ఒక్కటి.

బేస్‌బాల్ అనే మరో అమెరికన్ ఆటలో ఒక్కో జట్టు సీజనుకు 162 ఆటలు ఆడుతుంది. 0.9ను 162 సార్లు గుణిస్తే వచ్చేది సుమారు రెండున్నర కోట్లలో ఒకటి. అందుకే బేస్‌బాల్‌లో ఓటమి లేని సీజను గురించి ఎవరూ కలగనరు. 2001లో సియాటిల్ జట్టు 116 గెలిచి 46 ఓడితేనే గొప్ప రికార్డుగా రాసుకున్నారు.

ఈ గుణకారంలో ఒక చిక్కు ఉన్న మాట నిజమే. నాణేనికి జ్ఞాపకం ఉండదు. మనుషులకు ఉంటుంది. గెలుస్తున్నకొద్దీ ధైర్యం పెరగవచ్చు, లేదా “ఈసారి పోతుందేమో” అన్న బెంగా పెరగవచ్చు. ప్రత్యర్థులంతా ఒకే బలం గలవారు కారు కూడా. ఆ సీజనులో డాల్ఫిన్స్‌కు లీగులో ఎదురైన జట్లలో, సగానికి మించి గెలిచినవి రెండే. కాన్సస్ సిటీ, న్యూయార్క్ జయింట్స్. అవీ 8 గెలిచి 6 ఓడినవే. కొందరు విమర్శకులు దీన్ని ఎత్తిచూపుతుంటారు. అందులో నిజం ఉంది. కాని హ్యూస్టన్ వంటి బలహీనమైన జట్టుతో గెలిచే అవకాశం 0.95 అనుకున్నా, అదీ 1కన్నా తక్కువే. గుణిస్తే తగ్గవలసిందే.

నెత్తిమీద కత్తిలా ఆరు ఆటలు

డాల్ఫిన్స్ గెలిచిన తేడాలు చూస్తే ఈ సంగతి బాగా తెలుస్తుంది. న్యూ ఇంగ్లండ్ జట్టును ఒకసారి 52–0తో ఊడ్చేశారు. అలాంటి ఆటలు చూసేందుకు బాగుంటాయి గాని, మనకు నేర్పేది తక్కువ. దగ్గరి ఆటలే చూడాలి. మిన్నెసోటాపై 16–14. బఫెలోపై 24–23. న్యూయార్క్ జెట్స్‌పై 28–24. ఆపైన ఓడితే ఇంటికే అన్న దశలో క్లీవ్‌లాండ్‌పై 20–14, పిట్స్‌బర్గ్‌పై 21–17. చివరకు సూపర్ బౌల్‌లో వాషింగ్టన్‌పై 14–7.

మొత్తం ఆరు. ఆరింటిలోనూ తేడా ఒక్క టచ్‌డౌను ఖరీదు, లేదా అంతకు తక్కువ. ఇలాంటి ఆటల్లో బంతి ఒక్కసారి పక్కకు ఎగిరినా ఫలితం తారుమారు కావచ్చు. వీటిని బొమ్మా బొరుసా లెక్కన చూస్తే ఆరుసార్లూ బొమ్మే పడే అవకాశం 64లో ఒకటి. డాల్ఫిన్స్ మంచి జట్టు కనక వాళ్ళ నాణెం కొంచెం బొమ్మవైపే మొగ్గి ఉండవచ్చు. అయినా తేలిక కాదు.

పిట్స్‌బర్గ్ ఆట సగం అయ్యేసరికి 7–7. కాలు నయమై తిరిగి వచ్చిన గ్రీసీని షులా అప్పుడు దింపాడు. అన్ని ఆటలు గెలిపించిన మోరల్‌ను ఆపి కూర్చోబెట్టడం శిక్షకుడికి ఎంత కష్టమైన నిర్ణయమో ఆలోచించండి. అది ఫలించింది.

ఇక సూపర్ బౌల్. 1973 జనవరి 14న లాస్ ఏంజిలిస్‌లో జరిగింది. ఇంకా రెండు నిమిషాల పైచిలుకు ఉందనగా డాల్ఫిన్స్ 14–0 ఆధిక్యంలో ఉన్నారు. గారో యెప్రేమియన్ అనే ఆటగాడు ఫీల్డు గోలు తన్నడానికి వచ్చాడు. సైప్రస్‌లో పుట్టినవాడు. బంతిని తన్నడమే అతని పని. అది పడితే 17–0. పదిహేడు విజయాల సీజనుకు 17–0 ముగింపు! కాని ఎదుటివాళ్ళు బంతిని అడ్డుకున్నారు. అది దొర్లి మళ్ళీ యెప్రేమియన్ చేతికే వచ్చింది. మెదలకుండా దానిమీద పడి ఉంటే సరిపోయేది. అలా చేయక విసరబోయాడు.

ఈ బంతిని విసరడం అందరివల్లా కాదు. క్వార్టర్‌బ్యాక్ వదిలేటప్పుడు వేళ్ళతో దాన్ని పొడవాటి ఇరుసు చుట్టూ తిప్పుతాడు. తిరుగుతున్న బొంగరం పడిపోకుండా ఎలా నిలుస్తుందో, తిరుగుతున్న బంతీ అలాగే తన కోసును ముందుకు పెట్టుకుని గాలిని చీల్చుకుంటూ పోతుంది. తిప్పు లేకపోతే అడ్డదిడ్డంగా పల్టీలు కొడుతుంది. గాలి దాన్ని నిలవేస్తుంది. యెప్రేమియన్‌కు తిప్పడం మాట అటుంచి, బంతి చేతిలోనే నిలవలేదు. అది జారి గాలిలోకి లేచింది. వాషింగ్టన్ ఆటగాడు మైక్ బాస్ దాన్ని అందుకుని 49 గజాలు పరుగెత్తి టచ్‌డౌన్ చేశాడు. 14–7. నల్లేరుమీద బండిలా సాగుతున్న ఆట క్షణంలో ప్రాణం మీదికి వచ్చింది. మిగిలిన రెండు నిమిషాలూ డాల్ఫిన్స్ నిలదొక్కుకున్నారు.

పాయింట్లు చెప్పే నిజం

అయితే ఈ విజయం ఎంతవరకు ప్రతిభ, ఎంతవరకు అదృష్టం? కబుర్లతో తేలే ప్రశ్న కాదు. అంకెలను అడుగుదాం.

బిల్ జేమ్స్ అనే అమెరికన్ రచయిత బేస్‌బాల్ కోసం ఒక చిన్న సూత్రం కనిపెట్టాడు. జట్టు సంపాదించిన పాయింట్ల వర్గం ఒకటి. ప్రత్యర్థులకు ఇచ్చిన పాయింట్ల వర్గం మరొకటి. మొదటిదాన్ని రెండింటి మొత్తంతో భాగిస్తే, జట్టు ఎన్నో వంతు ఆటలు గెలవడం న్యాయమో సుమారుగా తెలుస్తుంది. వర్గాలు కనిపించడంవల్ల దీనికి పైథాగరస్ పేరు తగిలించారు గాని, త్రిభుజాలతో దీనికి సంబంధం లేదు. ఫుట్‌బాల్‌కు వర్గం బదులు కాస్త పెద్ద ఘాతం వాడితే ఇంకా బాగా కుదురుతుంది. మనకు వర్గం చాలు.

1972లో 14 లీగు ఆటల్లో డాల్ఫిన్స్ సంపాదించినవి 385 పాయింట్లు, ఇచ్చినవి 171. లీగు మొత్తంలో సంపాదనలోనూ మొదటివారే, తక్కువ ఇవ్వడంలోనూ మొదటివారే. ఇది ప్రతిభ కాకపోతే మరేమిటి? 385 వర్గం 1,48,225. 171 వర్గం 29,241. రెంటి మొత్తం 1,77,466. భాగిస్తే సుమారు 0.835. దాన్ని 14తో గుణిస్తే 11.7. అంటే ఈ పాయింట్ల ప్రకారం 12 ఆటలు గెలవడం న్యాయం. వాళ్ళు 14 గెలిచారు.

ఇప్పుడు మరుసటి సంవత్సరం చూడండి. 1973లో దాదాపు అదే జట్టు. రెండో ఆటలోనే ఓక్లాండ్ చేతిలో 12–7తో ఓడి, వరస విజయాలు 18 దగ్గర ఆగాయి. ఆ 12 పాయింట్లూ నాలుగు ఫీల్డు గోల్స్‌తో వచ్చాయి. నాలుగూ తన్నింది జార్జి బ్లాండా అనే 46 ఏళ్ళ ఆటగాడు! సీజను చివరికి 12 గెలుపులు, 2 ఓటములు. సంపాదన 343, ఇచ్చినవి 150. సూత్రంలో వేసి చూడండి. 0.839 వస్తుంది. వెనకటికన్నా వెంట్రుకవాసి ఎక్కువే! ఆ జట్టు తరవాత సూపర్ బౌల్‌లో మిన్నెసోటాను 24–7తో ఓడించి మళ్ళీ ఛాంపియన్ అయింది.

రెండు సంవత్సరాలు, ఒకే బలం. ఒకసారి 14–0, మరోసారి 12–2. మొదటిదాన్ని అందరూ తలుచుకుంటారు, రెండోది గుర్తున్నవాళ్ళు తక్కువ. నన్నడిగితే షులా జట్టు గొప్పతనానికి ఆ రెండో సంవత్సరమే గట్టి సాక్ష్యం. వాళ్ళను ఛాంపియన్లను చేసింది ప్రతిభే. 12ను 14 చేసింది మాత్రం చాలావరకు అదృష్టం.

మీ తరగతిలో డాల్ఫిన్స్

0.835 అన్న అంకెను చూస్తే ఇంకేమైనా గుర్తుకొస్తున్నదా? 5ను 6తో భాగించండి. 0.833. ఆరు ముఖాల పాచికలో ఒక ముఖం తప్ప మిగతావి పడే అవకాశం ఇది. కనక పాచికే మన డాల్ఫిన్స్ జట్టు!

తరగతిలో అందరూ తలా ఒక పాచిక తీసుకోండి. దొరక్కపోతే సుద్దముక్కను ఘనంగా అరగదీసి అంకెలు వేసుకోవచ్చు. ముఖాలు సమానంగా ఉండాలి సుమా. 17 సార్లు వేయండి. 1 పడితే ఓటమి, మరేది పడినా గెలుపు. ఒక్క 1 కూడా పడకుండా 17 వేసినవాళ్ళు ఎందరు? లెక్క ప్రకారం 22 మందిలో ఒకరు. 44 మంది ఉన్న తరగతిలో సుమారు ఇద్దరు. ఒకరే రావచ్చు, ఎవరూ రాకపోవచ్చు, నలుగురూ రావచ్చు. గెలిచినవాళ్ళను “ఎలా వేశావు?” అని అడిగి చూడండి. ఏదో ఒక కిటుకు చెప్పకపోతే చూడండి!

త్రుటిలో తప్పినవాళ్ళు

1934లో షికాగో బేర్స్ జట్టు 13 ఆటలూ గెలిచి ఛాంపియన్‌షిప్ ఆటకు న్యూయార్క్ వెళ్ళింది. మైదానం గడ్డకట్టుకుపోయింది. మేకుల బూట్లు మంచులో దిగక అందరూ జారిపడుతున్నారు. విరామ సమయానికి వెనకబడి ఉన్న న్యూయార్క్ జయింట్స్, ఒక కాలేజీనుంచి రబ్బరు అడుగుల బాస్కెట్‌బాల్ బూట్లు తెప్పించి వేసుకున్నారు. చదునైన రబ్బరు మంచును ఎక్కువ మేర అంటుకుని ఘర్షణ ఇచ్చింది. చివరి పావు ఆటలోనే 27 పాయింట్లు చేసి 30–13తో గెలిచారు. అదే బేర్స్ 1942లో మళ్ళీ 11 ఆటలూ గెలిచి, చివరిదానిలో వాషింగ్టన్ చేతిలో ఓడారు.

2007 సీజనులో న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ 16 లీగు ఆటలూ, ఆపైన రెండూ గెలిచి 18–0తో సూపర్ బౌల్‌కు వచ్చారు. 2008 ఫిబ్రవరి 3న న్యూయార్క్ జయింట్స్ వారిని 17–14తో ఓడించారు. పద్దెనిమిది గెలిచి పంతొమ్మిదోది పోగొట్టుకున్నారు.

2021 నుంచి లీగు ఆటలు 17 అయ్యాయి. ఆపైవి కలుపుకుంటే ఓటమి లేని ఛాంపియన్ కనీసం 20 గెలవాలి. మన పాచికతో అయితే 38 మందిలో ఒకరు. ఇక మీకో లెక్క. 20 ఆటలూ గెలిచే అవకాశం సగానికి సగం ఉండాలంటే, ఒక్కో ఆట గెలిచే అవకాశం ఎంత ఉండాలి? 0.9తో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుకుంటూ గుణించండి. జవాబు 0.96కూ 0.97కూ మధ్య దొరుకుతుంది.